నీలం పడితే మహిపాల్‌ను పిలవాలి

మహిపాల్ చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసి, ఆ పావువంతును నమ్మినా మనిషి మోసపోయినట్టే. దిల్‌సుఖ్‌నగర్‌లో అతని కొట్టు తెలిసిన ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. చెప్పినవాళ్ళే మళ్ళీ సాయంత్రమయ్యేసరికి అతని చుట్టూ చేరతారు. చేతిలో చాయ్ చల్లారిపోతున్నా తెలియకుండా కూర్చోబెట్టగల నోరు ఆ చుట్టుపక్కల అదొక్కటే మరి.

మీర్‌పేట్‌లో ఒక ముసలావిడ ఇంట్లో మహిపాల్ టీవీ విప్పి బాగుచేస్తుంటే వైరు కొస పొరపాటున పొయ్యిమీది కుక్కరుకు తగిలిందట. అంతే, కుక్కర్లోంచి ఏడింటి వార్తలు మొదలయ్యాయట. వాతావరణం కూడా చదివాకే విజిల్ వచ్చిందట. హయత్‌నగర్‌లో మూడేళ్ళుగా మూలన పడున్న ఒక టీవీ, వీధిలో మహిపాల్ దగ్గు వినిపించగానే దానంతటదే వెలిగిందట. ఇక జపాను నుంచి వచ్చిన ఇంజనీరు సంగతైతే వారానికోసారి వినాల్సిందే. అతను మెట్ల కింద మూడు రోజులు కూర్చొని పనిలోని కిటుకు చెప్పమని బతిమాలాడట. చెప్పనంటే నాలుగో రోజు మిర్చి బజ్జీ తింటూ ఏడ్చాడట.

"కిటుకు చెప్పలేదని ఏడ్చిండా, బజ్జీ కారానికి ఏడ్చిండా అన్నా?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"రెండిటికి," అనేవాడు మహిపాల్, తడుముకోకుండా.

నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి పాలిటెక్నిక్ చదవడానికి వచ్చినవాడు రెండో ఏడాదిలో ఒకే సబ్జెక్టు మూడుసార్లు తప్పి చదువు ఆపేశాడు. అడిగితే "నేను కాలేజి ఇడిసిపెట్టలే, నన్ను పట్టేంత జాగ కాలేజిల లేకుండె" అనేవాడు. కొట్టు ఒక కాంప్లెక్సులో మెట్ల కింద ఉండేది. లోపల నిటారుగా నిలబడితే నెత్తి తగిలేది. పైన మూడంతస్తులూ కోచింగ్ సెంటర్లు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా వందలమంది విద్యార్థులు ఆ మెట్లెక్కి దిగుతుంటే, "ఈ పట్నంల ఏ ఇంజనీరైనా సరే, నా నెత్తి మీదికెల్లి పోవాల్సిందే" అని దానికీ గొప్పలు పోయేవాడు.

గొప్పలు గొప్పలే గాని, పని మాత్రం వచ్చు. ఆ రోజుల్లో కొత్తపేట నుంచి ఎల్బీ నగర్ దాకా ప్రతి రెండో ఇంట్లో ఒకటే బాధ. హోమ్ థియేటర్ కొత్తది, తెర పాతది. కొత్త పెట్టెలోంచి బొమ్మ హెచ్‌డీఎంఐ అనే సన్నటి మూతి వైరులో అంకెలుగా వస్తుంది. పాత తెరకు అంకెలు తెలియవు. దానికి పదిహేను పిన్నుల లావుపాటి వీజీఏ వైరులో అలలుగా వస్తేనే తెలుస్తుంది. ఇది చెప్పేది దానికి అర్థం కాదు. మధ్యలో ఒకరు నిలబడి ఇటు అంకెలు తీసుకొని అటు అలలు ఇవ్వాలి. ఆ మధ్య మనిషే మహిపాల్ డబ్బా.

డబ్బా అంటే నిజంగా డబ్బానే, స్టీలు టిఫిన్ డబ్బా. వేడి పోవడానికి పక్కలకు చిల్లులు పొడిచి, ఒకవైపు సన్న మూతి, ఇంకోవైపు లావు మూతి బిగించి, మూత మీద తన భార్య విజయశ్రీ గోళ్ళరంగుతో "మహిపాల్" అని ఎర్రగా రాసేవాడు. లోపలి సరుకు పుట్టింటి నుంచి తెచ్చుకున్నంత ధీమాగా, "మొత్తం నా చేతిదే, ఒక్కొక్క పుర్జ నేనే అతికిచ్చిన" అని చెప్పుకునేవాడు. నిజానికి లోపల ఉండేది కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చైనా బోర్డు. దానిమీది కంపెనీ పేరును బ్లేడుతో గీకేసేవాడు. బోర్డు వెనకవైపు ఇంకోచోట చిన్న అక్షరాల్లో అదే పేరు ఉండేది. అక్కడ గీకితే తీగలు తెగుతాయని దాన్ని వదిలేసేవాడు. ఆ గల్లీకి మాత్రం ఎప్పుడూ ఒంటరిగానే వెళ్ళేవాడు.

ఆ డబ్బాల్లో మొట్టమొదటిది పట్టాభి గారింట్లో ఉండేది.

పట్టాభి తెనాలి వైపు మనిషి. పాతికేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పి, ఎల్బీ నగర్‌లో అపార్టుమెంటు కొనుక్కున్నాడు. ఆయన పనిచేసిన చోట క్లాసుల్లోని పాత ప్రొజెక్టర్లు తీసేస్తుంటే ఒకటి ఇంటికి తెచ్చుకొని, హాల్లో గోడకు తెల్ల సున్నం వేయించాడు. ఆ గోడమీద బొమ్మ పడితే ఆయన భార్య ఇంద్రాణి కచేరీలు చూసేది, ఆయన క్రికెట్ చూసేవాడు. కొత్త హోమ్ థియేటర్ వచ్చాక గోడ గుడ్డిదైపోయింది. మెట్ల కింద ఒకడున్నాడని ఎవరో చెబితే మహిపాల్‌ను పిలిపించాడు.

మొదటిరోజు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంద్రాణి అన్నం పెట్టి, పోయేటప్పుడు స్టీలు డబ్బాలో గోంగూర పచ్చడి ఇచ్చింది. వారం తిరిగాక మహిపాల్ అదే డబ్బాను చిల్లులు పొడిచి, మూతులు బిగించి పట్టుకొచ్చాడు. ఇంద్రాణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటి బాబూ, నా డబ్బాని ఇలా చేసేశావు?"

"మీ డబ్బ ఖాళీగ ఎట్ల ఇయ్యాల్నమ్మా? పచ్చడి పెట్టి ఇచ్చిన్రు. నేను బొమ్మ పెట్టి ఇస్తున్న."

ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదన్నది తెనాలిలోనూ ఉంది, నకిరేకల్‌లోనూ ఉంది. ఇంద్రాణి నవ్వేసింది. అప్పట్నుంచి ఆ రెండిళ్ళ మధ్య డబ్బాలు నడిచాయి. ఎల్బీ నగర్ నుంచి కందిపొడి వెళ్తే, మీర్‌పేట్‌లోని మహిపాల్ కిరాయి ఇంటి నుంచి విజయశ్రీ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు వచ్చేవి. ఆరేళ్ళలో ఒక్క డబ్బా అయినా ఖాళీగా గడప దాటలేదు.

బిగించిన రోజున మహిపాల్ గోడముందు నిలబడి ఇంద్రాణికి ఒక సూత్రం చెప్పాడు. అది అతను చెప్పిన వాటిలో నిఖార్సయిన నిజం.

"అమ్మా, గోడ మీద నీలం పడి సిగ్నల్ లేదని రాసొస్తే దారిల ఏదో తెగినట్టు. నా డబ్బనో, నా వైరో. నాకు ఫోన్ చెయ్యున్రి. ఉత్త నలుపు పడి, రిమోట్ నొక్కితే మూలకు ఛానెల్ నంబరు ఒస్తే, మనకాడ అంత మంచిగనే ఉన్నట్టు. పైకెల్లే బొమ్మ ఒస్తలేదు. అప్పుడు కేబులోన్ని తిట్టున్రి."

"నీలం పడితే మహిపాల్, నలుపు పడితే కేబుల్," అని ఇంద్రాణి అప్పజెప్పింది.

పట్టాభి కూడా బదులుగా ఒకటి నేర్పాడు. ప్రొజెక్టరు లోపలి ల్యాంపు నిప్పుకణికలా కాగి ఉంటుంది. బటన్ నొక్కి ఆపినా లోపలి ఫ్యాను ఇంకా తిరుగుతూ దాన్ని చల్లారుస్తుంది. ఫ్యాను తనంతట తాను ఆగేదాకా ప్లగ్గు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ల్యాంపు పేలుతుంది. మహిపాల్ మూడుసార్లు తప్పిన ఆ సబ్జెక్టును కూడా ఆయనే ఒక సాయంత్రం ఉప్పు, నీళ్ళు, బియ్యం గింజలు టేబుల్ మీద పెట్టి గంటలో చెప్పేశాడు. ఆ గంటసేపూ మహిపాల్ జీవితంలో మొదటిసారి ఇంకొకరి మాట చివరిదాకా విన్నాడు. తర్వాత కొట్టుకొచ్చి "పంతులుకు నేనే ఫిజిక్స్ జెప్పొచ్చిన" అన్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఈలోగా ఊరు వేడెక్కింది. రెండువేల తొమ్మిది చివర్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మళ్ళీ మొదలైంది, ఒక రోజు బంద్, ఒక రోజు రాస్తారోకో. సకల జనుల సమ్మెలో నలభై రెండు రోజులు దిల్‌సుఖ్‌నగర్ కొట్లన్నీ షట్టరు సగానికి దించుకొని ఊపిరి పీల్చాయి. మహిపాల్ కూడా ఎల్బీ నగర్ చౌరస్తాలో కూర్చున్నాడు. విజయవాడ నుంచి వచ్చే పద్నాలుగు చక్రాల లారీని కనుబొమ్మ ఎగరేసి ఆపానని చెప్పుకున్నాడు. అదే రోజు సాయంత్రం పట్టాభి కోచింగ్ సెంటర్లో ఇరుక్కుపోతే, ఆయన్ను బండి వెనక కూర్చోబెట్టుకొని, చేతికి ఉద్యమం జెండా ఇచ్చి, సందుల్లోంచి ఇంటికి చేర్చిందీ అతనే.

"జెండా గట్టిగ పట్టుకోన్రి సార్, లోకల్ లెక్క కనవడ్తరు," అన్నాడు దారిలో.

"పాతికేళ్ళు ఉన్నా లోకల్ కాలేదంటావా?"

"నన్నెందుకు అడుగుతరు? గా హెచ్‌డీఎంఐని అడుగున్రి. అది కూడ వైరు పెట్టంగనే నువ్వెవడు, ఏడికెల్లొచ్చినవ్ అని అడిగినంకనే బొమ్మ ఇడుస్తది."

పట్టాభి నవ్వాడు. ఇంటికెళ్ళి చెబితే ఇంద్రాణి నవ్వలేదు.

అట్లా అట్లా రెండువేల పద్నాలుగు ఫిబ్రవరి వచ్చింది. పార్లమెంటులో బిల్లు పద్దెనిమిదో తారీఖు మంగళవారం తేలిపోతుందని ఊరంతా ఒకటే మాట. నాలుగు రోజుల ముందు సీతారాములు మెట్ల కిందికి తల దూర్చాడు. అతను ఆటో యూనియన్ పెద్ద. ఆ చుట్టుపక్కల ఉద్యమం పనులన్నీ అతని చేతి మీదుగా నడిచేవి.

"ఏంరా మహిపాలూ, ఏ బొమ్మనైన ఏ గోడ మీదనైన వడేస్త అని రోజు గప్పాలు కొడ్తవు గదా. మంగళారం నాడు గీ కాంప్లెక్స్ సెల్లార్ల పెద్ద తెర గట్టు. మనోళ్ళంత ఒక్కతాన కూసోని సూడాలె."

"సెల్లార్ ఏందన్నా, చార్మినార్ మీద వడెయ్యాల్నా చెప్పు."

"చార్మినార్ తర్వాత ఎక్కుదువు గని, ముందుగాల సెల్లార్ల వడెయ్యి. నీ డబ్బ మీద నమ్మకంతోని అందరికి చెప్తున్న. మా పరువు తియ్యకు."

"నా డబ్బ ఆగుడంటే సూర్యుడు ఆగుడే అన్నా."

సూర్యుడి మాట అనేశాడు గాని ప్రొజెక్టరు ఎక్కడిది? కిరాయికిచ్చే చోట్లన్నీ ఆ రోజుకు ముందే ఎవరెవరో పట్టుకుపోయారు. తెలిసిన ప్రొజెక్టరు ఒక్కటే. సోమవారం పొద్దున ఎల్బీ నగర్ వెళ్ళి, హాల్లో నిలబడి, అడగలేక అడిగాడు.

ఇంద్రాణి వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. "మమ్మల్ని పొమ్మనేది చూడ్డానికి మా మిషనే కావాల్సొచ్చిందా బాబూ?"

"మిమ్ముల ఎవరు పొమ్మంటున్నరమ్మా? మీరు పోతే నాకు గోంగూర ఎవలు పెడ్తరు?"

ఆ మాటకు ఎప్పుడూ నవ్వే మనిషి, నవ్వలేదు. పట్టాభి కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు. "తీసుకెళ్ళనీ ఇంద్రాణీ. మన మిషను ఇవ్వకపోతే అక్కడ ఆగిపోతుందా ఏమన్నా? మహిపాలూ, ల్యాంపు సంగతి గుర్తుందిగా?"

"ఫ్యాన్ ఆగేదాక ప్లగ్గు ముట్టద్దు. నా పానం పోయినా ఎవ్వర్ని ముట్టనియ్య సార్."

"నీ ప్రాణం ఎందుకులే. నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను."

మంగళవారం మధ్యాహ్నానికి సెల్లార్లో బండ్లన్నీ బయటికి నెట్టించారు. కోచింగ్ సెంటరు ర్యాంకుల ఫ్లెక్సీ ఒకటి తెచ్చి తిరగేసి కట్టారు. వెనకవైపు తెల్లగా ఉంది కదా, అదే తెర. సెట్‌టాప్ బాక్సు, స్పీకర్లు సీతారాములు తెచ్చాడు. మహిపాల్ వరుస తప్పకుండా ఒక్కొక్కటీ వెలిగించాడు. ముందు ప్రొజెక్టరు, తర్వాత పట్టాభి ఇంటి నుంచే విప్పి తెచ్చిన తన డబ్బా, చివర సెట్‌టాప్ బాక్సు. ఆ వరుస మారితే అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. ఫ్లెక్సీ మీద ఢిల్లీ సభ నిలువెత్తున వెలిగింది. రెండు వందలమంది ఈలలు వేశారు. సీతారాములు మైకు లేకుండానే అరిచాడు: "ఇది మన మహిపాలన్న డబ్బ!"

ఆ క్షణంలో మహిపాల్ మొహం చూసినవాళ్ళు జపాను ఇంజనీరు కథను కూడా నమ్మేసేవారు.

పట్టాభి ఒక ప్లాస్టిక్ కుర్చీలో, ప్రొజెక్టరు పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ను పట్టించుకోలేదు. సభలో గొడవ. అరుపులు. కాగితాలు. మూడు గంటలు దాటుతుండగా, ఇక అసలు ఘట్టం వస్తుందనగా, తెర నల్లబడింది.

మహిపాల్ చెయ్యి తనంతట తానే రిమోట్ మీదికి వెళ్ళింది. నొక్కాడు. నల్లటి తెర మూలన ఛానెల్ నంబరు తెల్లగా వెలిగి, కాసేపుండి, పోయింది.

"మహిపాలూ," అన్నాడు పక్కనుంచి పట్టాభి, మెల్లగా. "నలుపు."

"నలుపే సార్."

ఆ సెల్లార్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. పైన ఏమవుతోందో ఫోన్లలో చూద్దామంటే ఆ నేలకింద ఒక్క ఫోనుకూ సిగ్నల్ అందదు. మహిపాల్ కుర్చీ ఎక్కి అరిచాడు.

"అన్నా, మనకాడ ఏం ఖరాబు కాలే! పైకెల్లే ఆగింది!"

"పైకెల్లంటే? మూడో అంతస్తా?"

"ఢిల్లీల! ఢిల్లీలనే ఆగింది!"

సెల్లారు మొత్తం ఒక్కసారిగా నవ్వింది. అంత కోపంలోనూ నవ్వింది. "మహిపాలన్న డబ్బ ఖరాబు కాదట, ఢిల్లీయే ఖరాబయిందట!" అని ఎవడో అన్నాడు. "మొన్న కుక్కర్ల వార్తలొచ్చినయ్ గదా, పోయి కుక్కర్ తెండిరా!" అని ఇంకొకడు. ఆరేళ్ళుగా ఎన్ని అబద్ధాలు చెప్పినా చాయ్ చల్లారేదాకా విన్నవాళ్ళు, ఒక్క నిజం చెబితే రెండు నిమిషాలు ఆగలేకపోయారు.

వేరే ఛానెల్ పెట్టి చూపిస్తే తేలిపోతుందని అతను రిమోట్ ఎత్తాడు. సీతారాములు లాక్కున్నాడు. "మార్చకు! గిప్పుడే ఓటింగ్ అయితది, మిస్సయితది! ముందు నీ డబ్బ సూస్కో!"

వెనక వరుసలోంచి ఒక గొంతు వచ్చింది. "గా డబ్బల ఏముంటదన్నా? చైనా బోర్డు. గుజరాతీ గల్లీల కుప్ప పోసి అమ్ముతరు. నేను సూసిన."

"అవునా? తెరువు, సూద్దం," అన్నాడు సీతారాములు. "స్క్రూడ్రైవర్ ఇయ్యి."

మహిపాల్ జేబులోనే ఉంది స్క్రూడ్రైవరు. సీతారాములు చెయ్యి చాపి ఉంది. రెండు వందల జతల కళ్ళు ఆ ఎర్ర అక్షరాల మీదే ఉన్నాయి. నాలుగు మరలు విప్పితే చాలు. జపాను ఇంజనీరు పోతాడు, ఒక్కొక్క పుర్జా అతికించిన చెయ్యి పోతుంది, మెట్ల కింద కొట్టు ఒట్టి మెట్ల కింద కొట్టు అయిపోతుంది. మహిపాల్ ఒకసారి పట్టాభి వైపు చూశాడు. పట్టాభి తెర వైపే చూస్తున్నాడు.

"డబ్బ తెరుసుడు అక్కెర లేదన్నా," అన్నాడు మహిపాల్. "డబ్బ మంచిగనే ఉన్నది. ప్రొజెక్టరు... ప్రొజెక్టరే ఖరాబయింది."

"ఎవలది గది?"

"ఎల్బీ నగర్ సార్‌ది."

అంతే అన్నాడు. మిగతాది గుంపే పూరించుకుంది. "ఆంధ్ర పంతులు మిషనా! ఇంకేంది, కావాల్నని బంద్ చేసిండు!" "పక్కనే కూసోని ఏం ఒత్తిండో!" కుర్చీలు వెనక్కి జరిగాయి. పట్టాభి లేచి నిలబడ్డాడు.

"నేను దాన్ని ముట్టుకోలేదు బాబూ," అన్నాడు.

"పీకెయ్యిన్రా దాన్ని!"

నాలుగైదు చేతులు ప్రొజెక్టరు వైపు వచ్చాయి. ఆ చేతుల నుంచి దాన్ని కాపాడాలని చేశాడో, తను అన్న మాటకు ముద్ర వేయాలని చేశాడో మహిపాల్‌కు ఈనాటికీ తేలలేదు. వాళ్ళకంటే ముందు తనే వంగి ప్లగ్గు పీకాడు.

ఫ్యాను ఠక్కున ఆగింది. మూడు గంటలు కాగిన ల్యాంపు లోపల ఫట్‌మని పేలింది. కాలిన వాసన వచ్చింది.

"సూసిన్రా! కాలింది! మిషన్లనే ఉన్నది!" అని గుంపు తీర్పు చెప్పేసింది. అబద్ధానికి అంత తొందరగా సాక్ష్యం దొరకడం మహిపాల్ ఏ కథలోనూ చెప్పలేదు.

రెండు నిమిషాలకు మెట్ల మీదినుంచి ఒకతను ఫోను ఎత్తి పట్టుకొని దిగబడ్డాడు. "పాసయింది! బిల్లు పాసయింది! టీవీల రాలే గని పాసయింది! ఢిల్లీల ప్రసారమే ఆగిందట, అంతట నలుపేనట!"

ఇక ఎవరు ఆగుతారు. గులాల్ లేచింది, డప్పు లేచింది, ఏడుస్తూ ఒకరినొకరు కావలించుకుంటూ మెట్లెక్కారు. సీతారాములు మహిపాల్ మొహమంతా గులాల్ పూసి ముద్దు పెట్టుకున్నాడు. "నువ్వు జెప్పిందే నిజమాయెరా తమ్మీ! ఢిల్లీలనే ఆగింది!" అని, దాని అర్థమేమిటో ఆలోచించే తీరిక లేకుండా పైకి ఉరికాడు.

సెల్లార్లో ఇద్దరు మిగిలారు. పట్టాభి వైర్లను ఎప్పటిలాగే మోచేతికి చుడుతున్నాడు. ప్రొజెక్టరును సంచిలో పెట్టాడు. డబ్బాను కూడా తీసి, మూతమీది ఎర్ర అక్షరాలను ఒకసారి చూసి, సంచిలో పెట్టాడు.

"సార్, ల్యాంపు నేను తెచ్చి ఏస్త."

పట్టాభి సంచి భుజానికి తగిలించుకొని చెయ్యి చాపాడు. మహిపాల్‌కు ముందు అర్థం కాలేదు. తర్వాత చెయ్యి కలిపాడు. అతని చేతి గులాల్ ఆయనకు అంటింది.

"కంగ్రాట్స్ మహిపాలూ. ఎన్నాళ్ళ నుంచో కోరుకున్నారు, వచ్చింది," అన్నాడు పట్టాభి. ఆ మాటలో వెటకారం ఏమన్నా ఉందేమోనని మహిపాల్ వెతికాడు. ఉంటే బాగుండేది.

మూడు వారాలకు ల్యాంపు దొరికింది. పట్టుకొని ఎల్బీ నగర్ వెళ్ళాడు. తలుపు ఇంద్రాణి తీసింది. హాల్లో తెల్ల గోడకు పెద్ద సన్నటి ఎల్‌ఈడీ టీవీ తగిలించి ఉంది. హోమ్ థియేటర్ నుంచి దానికి ఒకటే వైరు, తిన్నగా.

"నేరుగా పెట్టేస్తే సరిపోతోందయ్యా," అన్నాడు పట్టాభి కుర్చీలోంచి. "ఈ కొత్తవాటికి మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ప్రొజెక్టరు పాత సామాన్ల అతనికి ఇచ్చేశాం."

మహిపాల్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఇంద్రాణి లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి చేతికిచ్చింది. అందులో ఆకుపచ్చ బోర్డు, ఒట్టిది. బోర్డు వెనకవైపు, అతను గీకడానికి భయపడి వదిలేసిన చోట, చైనా కంపెనీ పేరు చిన్న అక్షరాల్లో శుభ్రంగా కనిపిస్తోంది.

"డబ్బా మాది కదా బాబూ. అది మా దగ్గరే ఉంటుంది. లోపలిది మీది."

"చిల్లులు వడ్డ డబ్బ ఏం జేస్కుంటరమ్మా?"

"ఏదో ఒకటి. మా డబ్బా మా ఇంట్లో ఉంటుంది."

మహిపాల్ కవరు వైపు చూస్తూ, "సార్, ఇది మీకు..." అని ఆగిపోయాడు.

"మొదటి నెలలోనే తెలుసు. ఒకరోజు బాగా వేడెక్కితే తెరిచి చూశాను."

"మరి ఎవ్వరికి చెప్పకపోతిరి?"

"ఎందుకు చెప్పాలి? బొమ్మ బాగానే వచ్చేది కదా," అన్నాడు పట్టాభి. తర్వాత రిమోట్ తీసుకొని టీవీ గొంతు కాస్త పెంచాడు.

ఆ కవరు అద్దంలాంటిది. ఎల్బీ నగర్ నుంచి మీర్‌పేట్ దాకా బండి హ్యాండిల్‌కు వేలాడుతూ, దారిపొడుగునా లోపలున్నదేంటో అందరికీ చూపిస్తూ వచ్చింది. ఇంట్లో విజయశ్రీ దాన్ని చూసి, "ఏందయ్యా, అమ్మ డబ్బ ఇయ్యలేదా? ఒట్టి చేతులతోని పంపిందా?" అంది.

"ఒట్టి చేతులు కాదు," అన్నాడు మహిపాల్. కవరును అల్మారా మీదికి విసిరాడు. ల్యాంపు మాత్రం చాలా రోజులు బండి డిక్కీలోనే ఉండిపోయింది.

జూన్ వచ్చింది, పండగలయ్యాయి. పాత తెరలు ఒక్కొక్కటే పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. డబ్బాలు అడిగేవాళ్ళు తగ్గారు. మహిపాల్ మెట్ల కింద ఫోన్లకు గ్లాసులు అతికించడం మొదలుపెట్టాడు. కథలు మాత్రం ఆపలేదు. కుక్కరు వార్తలున్నాయి, జపాను అతనున్నాడు. ఒక సాయంత్రం ఊపులో, సీతారాములు సహా పదిమంది చాయ్ గ్లాసులు పట్టుకొని కూర్చున్నప్పుడు, కొత్త కథ ఒకటి అందుకున్నాడు.

"బిల్లు నాడు ప్రసారం ఢిల్లీల ఆగిందని ఈ దిల్‌సుఖ్‌నగర్‌ల అందరికంటె ముందు నాకే తెల్సు. తెర నల్లగ వడంగనే తెల్సు. ఫోన్లకు ఒచ్చేకంటె ముందే."

పదిమందీ పడీ పడీ నవ్వారు. "వేసిండురా! జపానోని కంటె పెద్దది వేసిండు!"

"నిజం అన్నా. ఒట్టు."

సీతారాములు నవ్వు ఆపుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, ఊరికే, ఆటపట్టించడానికే అడిగాడు. "సరే, తెల్సు అనుకో. తెల్సుంటె మరి గా పంతులు మిషన్ ప్లగ్గు ఎందుకు పీకినవ్‌రా?"

అందరూ ముందుకు వంగారు. దీనికేం అల్లుతాడో చూద్దామని. మహిపాల్ నోరు తెరిచి, మళ్ళీ మూసి, ముందున్న ఫోను గ్లాసు తుడవడం మొదలుపెట్టాడు. మెట్ల మీద విద్యార్థులు దిగుతున్న చప్పుడు అయ్యి, ఆగింది.

ఆ సాయంత్రం అందరూ చాయ్ వేడివేడిగానే తాగేసి లేచిపోయారు.